ఫ్రీగా చూసిన సినిమా ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

క్లుప్తంగా

టికెట్ ధరలు భారమయ్యాయన్న ఫిర్యాదులో నిజం ఉంది. అయితే పైరసీ దెబ్బ ఆ ధరలు పెంచినవాళ్లకు తగిలేది తక్కువ. చిన్న సినిమా ప్రదర్శన హక్కులు కొన్న బయ్యరుకు, ఊళ్లో ఉన్న థియేటరుకు తగిలేదే ఎక్కువ. ఫ్రీ సైట్లకు ప్రకటనల నుంచి, అందులోనూ బెట్టింగ్ యాప్‌ల నుంచి డబ్బు వస్తోంది. చూడటం, దించుకోవడం, పంచడం చట్టం దృష్టిలో ఒకటి కావు. కాపీరైటు గడువు తీరిన పాత సినిమాల సంగతి మరీ వేరు.

అరెస్టు తర్వాత రేగిన వాదన

కొత్త సినిమాల కాపీలను ఫ్రీగా చూపించే ఐబొమ్మ, బప్పం సైట్లను నడుపుతున్నాడన్న ఆరోపణతో 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక వ్యక్తిని కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. అతని హార్డ్ డిస్కుల్లో వేల సినిమాలు దొరికాయని, సుమారు 3 కోట్ల రూపాయలు స్వాధీనం చేసుకున్నామని, బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో ఆదాయం వచ్చిందని పోలీసులు చెప్పారు. ఇవన్నీ కోర్టులో తేలాల్సిన సంగతులు. సినీ పరిశ్రమ పెద్దలు పోలీసులకు కృతజ్ఞతలు చెబుతున్న రోజుల్లోనే సోషల్ మీడియాలో ఎంతోమంది ఆ నిందితుణ్ణి వెనకేసుకొచ్చారు. పేదవాడికి సినిమా చూపించాడు, తప్పేముంది అన్నది వాళ్ల మాట.

ఈ వాదులాటలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. టికెట్ ధర న్యాయమైనదేనా అన్నది మొదటిది. కాపీ ఫైలు చూడటం న్యాయమేనా అన్నది రెండోది. మొదటిదానికి కాదని జవాబిచ్చినంత మాత్రాన రెండోదానికి అవునని రాదు. ఈ తేడా తెలియాలంటే డబ్బు ఏ దారిన నడుస్తుందో చూడాలి.

టికెట్ లెక్క

తెలంగాణలో 2021 డిసెంబరు జీవో ప్రకారం ఏసీ థియేటర్లో టికెట్ 50 నుంచి 150 రూపాయలు, మల్టీప్లెక్సులో 100 నుంచి 250. మల్టీప్లెక్సు రిక్లైనరు సీటుకైతే 300. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి జీవో కనిష్ఠ ధరను 20గా, గరిష్ఠ ధరను 250గా పెట్టింది. వీటిపై జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్‌పై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 100 దాటితే మాత్రం ఎప్పటిలాగే 18 శాతం.

ఈ లెక్కన ఒక కుటుంబంలో నలుగురు మల్టీప్లెక్సుకు వెళ్తే టికెట్లకే 1000 రూపాయలు, పన్నుతో 1180. ఆన్‌లైన్ బుకింగ్ రుసుము, పాప్‌కార్న్, పెట్రోలు కలిస్తే 2000 దాటడం మామూలు విషయం. పెద్ద సినిమాలకు ఈ గరిష్ఠ ధరలు కూడా ఆగవు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ముందురోజు షోలకు తెలంగాణ ప్రభుత్వం 800 రూపాయల పెంపుకు అనుమతిచ్చింది. 2025 సెప్టెంబరులో ‘ఓజీ’ బెనిఫిట్ షో టికెట్‌ను ఆంధ్రలో 1000 రూపాయలకు అమ్ముకోనిచ్చారు. నెల జీతం 15 వేలున్న ఇంట్లో వీటి గురించి కోపం రావడం సహజం. ఆ కోపాన్ని పరిశ్రమ తేలిగ్గా తీసుకోవడం పొరపాటు.

అలాగని ధర తగ్గితే పైరసీ దానంతటదే పోతుందనీ చెప్పలేం. 2021లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవో 35 గ్రామ పంచాయతీల్లో నేల టికెట్‌ను 5 రూపాయలకు దించింది. గిట్టుబాటు కాక కొన్ని థియేటర్లు తలుపులు వేసుకున్నాయి. ఆ నెలల్లో విడుదలైన పెద్ద సినిమాలు కూడా మొదటి రోజే నెట్‌లోకి ఎక్కాయి. ఎందుకంటే కాపీ తయారుచేసేవాడికి టికెట్ ధరతో పనిలేదు. అతను చూసుకునేది ఎంతమంది క్లిక్ చేస్తారన్నదే.

కాపీ ఎక్కడ పుడుతుంది

లీకయ్యే సినిమా మూడు చోట్ల నుంచి బయటికొస్తుంది. మొదటిది నిర్మాణ దశ. ఎడిటింగ్, డబ్బింగ్, గ్రాఫిక్స్ కోసం సినిమా ముక్కలు ఎన్నో చేతులు మారతాయి. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు గంటన్నర నిడివి బయటపడింది. దాంతో అక్టోబరులో రావాల్సిన సినిమాను హడావుడిగా సెప్టెంబరు 27కే విడుదల చేశారు. ఇలాంటి కాపీల మీద టైమ్‌కోడ్ అంకెలు, పూర్తికాని గ్రాఫిక్స్, పచ్చతెరలు కనిపిస్తాయి. వాటిని బట్టి ఏ దశలో, ఏ స్టూడియో నుంచి పోయిందో ఇట్టే పట్టుకోవచ్చు. అందుకే ఈ రకం కేసుల్లో అరెస్టులు త్వరగా జరుగుతాయి.

రెండోది థియేటరు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామందికి తెలియని పని జరిగేది ఇక్కడే. డిజిటల్ ప్రొజెక్షన్‌లో సినిమా తాళం వేసిన ఫైళ్ల కట్టగా థియేటరుకు వస్తుంది. దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి విడిగా వస్తుంది. అది ఆ థియేటర్లోని ఆ ఒక్క సర్వరుకే పనిచేస్తుంది. అదీ ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే. కొన్ని చోట్ల అర్ధరాత్రి షో ఆలస్యం కావడానికి ఈ తాళంచెవి సమయం మొదలుకాకపోవడమో, పాత సర్వరు పేరు మీద వచ్చి ఉండటమో కారణం.

ఫైలు తెర మీదికి వెళ్తున్నప్పుడు సర్వరు బొమ్మలోనూ శబ్దంలోనూ కంటికి, చెవికి తెలియని గుర్తు వేస్తుంది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి రూపొందించిన డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం ఈ గుర్తులో కనీసం 35 బిట్లు, అంటే 0 లేదా 1 అంకెలు, ఉంటాయి. 16 బిట్లు సమయానికి, 19 బిట్లు సర్వరు గుర్తింపుకు. సమయాన్ని 15 నిమిషాలకో అంకెగా లెక్కిస్తారు. రోజుకు 96 చొప్పున ఏడాదికి 35 వేల పైచిలుకు అంకెలు అవుతాయి కాబట్టి 16 బిట్లు సరిపోతాయి. 19 బిట్లతో 5 లక్షలకు పైగా సర్వర్లను వేరువేరుగా గుర్తించవచ్చు. సినిమాలో ఏ 5 నిమిషాల ముక్క దొరికినా ఈ సమాచారమంతా అందులోంచి రాబట్టగలగాలన్నది నియమం. అంటే వెనక వరుసలో కూర్చుని ఫోనుతో తీసిన వంకర వీడియో అయినా సరే, అది ఏ ఊళ్లో, ఏ తెర మీద, ఏ షోలో తీసిందో చెప్పేస్తుంది.

మరి ఇంత ఏర్పాటున్నా ఎందుకు ఆగడం లేదు? గుర్తు షోను చెబుతుంది కానీ సీటును చెప్పదు. మూడు వందల మందిలో ఫోను ఎత్తినవాడెవడో తేలాలంటే సీసీ కెమెరా కావాలి, టికెట్ ఎవరి పేరున ఉందో తెలియాలి, థియేటర్ సిబ్బంది కళ్లు తెరిచి ఉండాలి. పైగా గుర్తును చదివి, ఫిర్యాదు చేసి, పోలీసులు కదిలేసరికి మొదటి వారాంతం దాటిపోతుంది. తెలుగు సినిమా వసూళ్లలో సింహభాగం వచ్చేది ఆ మూడు నాలుగు రోజుల్లోనే.

మూడోది ఓటీటీ. ‘థియేటర్ ప్రింట్’ మసకగా ఉంటే, ‘ఒరిజినల్ ప్రింట్’ పేరుతో తిరిగేవి ఎక్కువగా ఇక్కడివే. ఓటీటీ వీడియోకూ తాళం ఉంటుంది. మంచి ఫోన్లలో, టీవీల్లో ఆ తాళం చిప్ లోపల, బయటి ప్రోగ్రాముకు అందని చోట తెరుచుకుంటుంది. చవక పరికరాల్లో, కొన్ని బ్రౌజర్లలో సాఫ్ట్‌వేరులోనే తెరుచుకుంటుంది. అందుకే వాటిలో చాలా సేవలు తక్కువ నాణ్యతే చూపిస్తాయి. ఏదో ఒక పరికరం గుట్టు రట్టయినప్పుడు పూర్తి నాణ్యత ఫైలు బయటికొస్తుంది. తెలుగులో చాలా సినిమాలు నాలుగు వారాలకే ఓటీటీకి వస్తున్నాయి. కాబట్టి ఇంకా థియేటర్లో ఆడుతున్న సినిమాకు కూడా నెల తిరిగేసరికి అద్దంలాంటి కాపీ తయారవుతోంది.

ఫైలు ఫోను దాకా వచ్చే దారి

బయటికొచ్చిన ఫైలు రెండు మూడు జీబీలుంటుంది. దాన్ని 1.4 జీబీ, 700 ఎంబీ, 400 ఎంబీ సైజులకు కుదిస్తారు. 700 అన్న అంకె ఒక సీడీలో పట్టే సైజు, ఆ రోజుల నుంచి అలాగే ఉండిపోయింది. ఇక పంచడానికి రెండు పద్ధతులు.

టొరెంటులో ఫైలు వందల ముక్కలుగా ఉంటుంది. మీ కంప్యూటరు ముక్కలు దించుకుంటూనే, అప్పటికే వచ్చిన ముక్కల్ని ఇతరులకు పంపుతుంటుంది. అంటే ‘నేను దించుకున్నానంతే’ అన్న మాట టొరెంటు విషయంలో నిజం కాదు. దించుకున్న ప్రతివాడూ పంచినవాడే. ఈ తేడా జర్మనీకి చదువుకోవడానికి వెళ్లిన మన విద్యార్థులకు గట్టిగా తగులుతుంది. అక్కడ హక్కుదారుల తరఫు లాయర్లు ముక్కలు పంచుతున్న ఐపీ చిరునామాలను, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే అంకెలను, నమోదు చేసుకుంటారు. కోర్టు ద్వారా చందాదారు పేరు తెప్పించి, వందల యూరోలు కట్టమని, మళ్లీ చేయనని రాసివ్వమని ఉత్తరం పంపుతారు. ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే ఉత్తరం వాళ్లకే వస్తుంది కాబట్టి, గదిలో ఒకరు చేసిన పనికి మరొకరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

రెండోది నేరుగా చూపించే సైటు. ఇక్కడ చూసేవాడు ఎవరికీ ఏమీ పంపడు, ప్రకటనలు మాత్రం చూస్తాడు. ప్లే బటన్ మీద మొదటి నొక్కు సినిమాను తెరవదు, కొత్త ట్యాబు తెరుస్తుంది. రెండో నొక్కు ఇంకోటి. ఒక్కో ట్యాబుకు ఇంత అని ప్రకటనల సంస్థ నుంచి సైటుకు డబ్బు ముడుతుంది. సాధారణ కంపెనీలు ఇలాంటి చోట ప్రకటన ఇవ్వవు. ఇచ్చేవి బెట్టింగ్ యాప్‌లు, అప్పుల యాప్‌లు, బూతు సైట్లు. థియేటర్ ప్రింట్ మీద మూలన ఆడుతూ కనిపించే బెట్టింగ్ లోగో కూడా ఈ లెక్కలోదే. ఫ్రీ సినిమాకు బిల్లు కడుతున్నది ఆ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు. వాళ్లలో టికెట్ కొనలేమని ఈ సైట్లకు వచ్చిన కుర్రాళ్ల ఈడువాళ్లూ ఉండటం ఇందులో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

ఇంకో ప్రమాదం ‘ఈ యాప్ వేసుకుంటే ప్రకటనలు రావు’ అంటూ వచ్చే ఏపీకే ఫైలు, అంటే యాప్ స్టోరుతో పనిలేకుండా నేరుగా ఫోనులో వేసుకునే యాప్. సినిమా చూపించే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతితో పనిలేదు. తెర మీది విషయాన్ని చదివి, మన బదులు బటన్లు నొక్కగలిగే యాక్సెసిబిలిటీ అనుమతితోనూ పనిలేదు. ఆ రెండిట్లో ఏది అడిగినా అది ఓటీపీల కోసం వచ్చిందని అర్థం. పొరపాటున ఇచ్చేసి ఉంటే ముందు ఫోన్ డేటా, వైఫై ఆపాలి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ జాబితాలోంచి ఆ యాప్‌ను తీసేసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. లేదంటే తొలగించే బటన్ పనిచేయదు. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ వేరే ఫోను నుంచి మార్చాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చేస్తే డబ్బును దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది.

నష్టం ఎవరి మీద పడుతుంది

ప్రతి డౌన్‌లోడూ పోయిన టికెట్టే అనుకుని వేసే లెక్కలు నిలబడవు. ఫ్రీగా దొరికింది కాబట్టి చూసినవాళ్లలో చాలామంది ఎలాగూ టికెట్ కొనేవాళ్లు కారు. ‘అత్తారింటికి దారేది’ లీకయ్యాక కూడా ఘనవిజయం సాధించింది. 2018లో ‘టాక్సీవాలా’ కూడా అంతే. వీటిని చూపించి పైరసీతో నష్టమే లేదనేవాళ్లున్నారు. అయితే జనం ఎగబడే సినిమా లీకును తట్టుకుంటుంది, మధ్యరకం సినిమా తట్టుకోలేదు. ఎందుకో ఒక ఊహాలెక్కలో చూడండి.

తెలుగు రాష్ట్రాల్లో చాలా సింగిల్ స్క్రీన్లు అద్దె పద్ధతిలో నడుస్తాయి. జనం ఎందరొచ్చినా బయ్యరు థియేటరుకు అంతే అద్దె కట్టాలి. మండల కేంద్రంలో ఒక థియేటరుకు వారం అద్దె లక్షన్నర అనుకుందాం. టికెట్ 100 రూపాయలు, పన్ను పోను సుమారు 95 మిగులుతుంది. రోజుకు 4 ఆటల చొప్పున వారానికి 28 ఆటలు. ఆటకు సగటున 70 మంది వస్తే 1960 టికెట్లు, అంటే 1,86,200 రూపాయలు. అద్దె పోగా బయ్యరుకు వచ్చే షేరు 36,200. ఇప్పుడు ఆటకు పదిమంది మాత్రమే తగ్గి 60 మంది వచ్చారనుకుందాం. 1680 టికెట్లు, 1,59,600 రూపాయలు. షేరు 9,600. జనం తగ్గింది 14 శాతం, షేరు తగ్గింది 73 శాతం. ఇంకో నలుగురు తగ్గితే షేరు మాట దేవుడెరుగు, అద్దెకే ఎదురు కట్టాలి. అలాంటి సినిమాను రెండో వారం ఎవరూ ఉంచరు.

నిర్మాత హక్కుల్ని ఔట్‌రైట్‌గా, అంటే ఒకే మొత్తానికి పూర్తిగా, అమ్మేసి ఉంటే ఆ దెబ్బ జిల్లా బయ్యరుదే. బయ్యరు కనీస మొత్తం ముందే కట్టే మినిమమ్ గ్యారంటీ అయినా అంతే, ఆ మొత్తం పోను పైన వస్తేనే పంపకం. అడ్వాన్సు పద్ధతిలో అయితే తక్కువపడిన డబ్బును నిర్మాత వెనక్కి కట్టాలి. హీరో పారితోషికం అప్పటికే చేతికంది ఉంటుంది. టికెట్‌ను వెయ్యికి పెంచినవాళ్లకు బుద్ధి చెబుతున్నామనుకుని ఫ్రీ కాపీ చూసేవాళ్ల దెబ్బ ఆ పెంచినవాళ్ల దాకా పోకపోవడానికి కారణం ఇదే. అద్దె బదులు పర్సంటేజీ, అంటే వసూళ్లలో వాటా, కావాలని ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవాళ్లు) 2025 మేలో పట్టుబట్టి, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్నదాకా వెళ్లడం వెనకా ఇలాంటి లెక్కలే ఉన్నాయి. చిన్న సినిమాకు పర్సంటేజీ ఊపిరిపోస్తుంది. జనం రాని వారంలో థియేటరూ నష్టం పంచుకుంటుంది కాబట్టి.

చట్టం ఎక్కడ గీత గీసింది

ఒకప్పుడు నిషేధించిన సైటు తెరిస్తే, చూడటమే నేరమని హెచ్చరించే సందేశం వచ్చేది. 2016లో బాంబే హైకోర్టు ఆ మాటను తప్పుబట్టింది. నేరం ఒట్టి చూడటంలో లేదు, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడంలో ఉంది అని చెప్పి సందేశాన్ని మార్పించింది. కాపీరైటు చట్టం సెక్షన్ 63 కింద తెలిసి ఉల్లంఘించినవారికి 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఈ నేరంలో పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, ఇది బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఓటీటీ తాళం పగలగొట్టడం 2012 సవరణ తర్వాత విడిగా నేరం.

2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ఇంకా పదునైనది. థియేటర్లో అనుమతి లేకుండా రికార్డు చేసినా, చేయబోయినా కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు. జరిమానా 3 లక్షల నుంచి ఆ సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా. వంద కోట్ల సినిమా అయితే అది 5 కోట్లవుతుంది. ఇష్టమైన హీరో ఎంట్రీని స్టేటస్‌లో పెట్టడానికి ఫోను ఎత్తే అభిమానులు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. నకలు ప్రతి తయారుచేసే ఉద్దేశం ఉందా లేదా అన్నది చట్టం చూస్తుంది. కానీ ఆ ఉద్దేశం లేదని వివరించుకోవాల్సింది స్టేషనులో. లాభం కోసం నకలు ప్రతిని జనానికి ప్రదర్శించడం కూడా ఈ చట్టం కింద నేరమే. కేబుల్‌లో, ప్రయాణాల బస్సులో కొత్త సినిమా వేసేవారికి వర్తించేది ఇదే.

సైట్లను ఆపే విషయంలో ఢిల్లీ హైకోర్టు 2019లో కొత్త దారి చూపింది. ఒక సైటుపై ఆదేశం వచ్చాక, అదే సైటు వేరే పేరుతో తిరిగొస్తే కొత్తగా దావా వేయక్కర్లేదు, ఆ పేరును జాబితాలో చేర్పిస్తే చాలు. అయినా ఇంటర్నెట్ సంస్థలు ఆపేది పేరునే. ఫైళ్లున్న అసలు సర్వరు ఏ దేశంలోనో, మధ్యవర్తి సంస్థ ముసుగు వెనక ఉంటుంది. అక్షరం మార్చి కొత్త పేరు కొనడానికి వెయ్యి రూపాయలు, అరగంట చాలు. అందువల్ల నిజంగా పనిచేసే దెబ్బ ప్రకటనల డబ్బు దారిని మూయడమే. ఐబొమ్మ కేసు దర్యాప్తు కూడా బ్యాంకు ఖాతాల వైపు సాగింది.

పాత సినిమాలకు వేరే లెక్క

సినిమాపై కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంపై ఆ హక్కు 2017 చివరితో తీరిపోయింది. కానీ అందులోని పాటలు, మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు. రచనపై హక్కు రచయిత మరణించాక 60 ఏళ్లు, అంటే 2031 చివరి దాకా. కొన్ని బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు 1999 దాకా జీవించారు కాబట్టి ఆ సంగీతంపై గడువు 2059. 2010లో రంగులద్దిన ప్రతి మళ్లీ వేరే సంగతి. ఒకే సినిమాలో ఇన్ని గడువులున్నాయి. పాత సినిమాను చూసుకోవడానికి భయపడక్కర్లేదు కానీ, దాని పాటను తన వీడియోకు జోడించి డబ్బు చేసుకునేవారు మాత్రం ఈ లెక్క చూసుకోవాలి.

హక్కు మిగిలి ఉండి, హక్కుదారు ఎవరో తెలియక, ఏ ఓటీటీలోనూ దొరకని సినిమాలు వందల్లో ఉన్నాయి. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కాపీ ఒక్కటి కూడా మిగల్లేదు. పాత వీడియో క్యాసెట్ల నుంచి ఎక్కించిన మసక కాపీలే కొన్ని సినిమాలకు ఇప్పుడు మిగిలిన ఆనవాళ్లు. వీటిని దాచి పంచుకునేవాళ్లనూ, మొన్న శుక్రవారం సినిమా మీద బెట్టింగ్ లోగో అతికించి వదిలేవాళ్లనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇలాంటి సినిమాల నెగెటివ్‌లు వారసుల ఇళ్లలో ఇంకా ఉంటే, వెనిగర్ వాసన మొదలవక ముందే పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేర్చాలి. ఆ వాసన వచ్చిందంటే అసిటేట్ ఫిల్ము కుళ్లడం మొదలైందని, ఒక రీలు నుంచి పక్క రీళ్లకూ పాకుతుందని అర్థం.